ఎర్ర టేపు వేయని పెట్టె

లంచ్ బెల్ మోగి చాలాసేపైంది. ఐదో తరగతి గది బయట వరండాలో పిల్లలు గుంపులు గుంపులుగా కూర్చుని తింటున్నారు. నీళ్ల కుళాయి పక్కన, ఒక మూల, గట్టిపిండం ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్లో లంచ్ బాక్స్ ఉంది గానీ మూత తీయలేదు.

గట్టిపిండం అంటే ఎవరో పహిల్వాన్ అనుకునేరు! పదేళ్ల పిల్ల. రివటలా ఉంటుంది. గట్టిగా గాలి వీస్తే పట్టుకోవాలనిపిస్తుంది. ఆ పేరు ఎలా వచ్చిందో కాసేపట్లో చెప్తాను.

"నువ్వు తినవా?" అని అడిగింది ఒకమ్మాయి. అదే క్లాసు. రెండు జడలు వేసుకుని వెనక బెంచీలో కూర్చుంటుంది.

"ఆకలి లేదు."

"నిన్న కూడా లేదన్నావు."

"నిన్న కూడా లేదు."

 రెండు జడలమ్మాయి చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది.

అంతలో క్లాస్ టీచర్ అటుగా వచ్చింది. "ఏమ్మా, ఎలా ఉంది మన స్కూలు? అలవాటైందా?"

"బాగుంది టీచర్."

"ఇంట్లో?"

"ఇంట్లో కూడా బాగుంది టీచర్."

"భోంచేశావా?"

"చేసేశాను టీచర్."

చూశారా, ఎంత చక్కగా చెప్పిందో! ఒక్క మాటా నిజం కాదు. ఉదయం బ్యాగ్ భుజాన తగిలించుకోగానే ఎవరో కడుపును తడిబట్టలా పట్టి పిండుతున్నట్టు ఉంటోంది. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. పట్టినా, కలలో పాత ఇంటి తలుపు ఎంత తట్టినా తెరుచుకోవడం లేదు. అయినా ఎవరడిగినా నోట్లోంచి "బాగుంది" తప్ప ఇంకో మాట రాదు. అలా రాకుండా ఉండటానికి ఒక కారణం ఉంది. అదే ఆ పేరు.

దానికి నాలుగేళ్లప్పుడు వాళ్ల నాన్న వ్యాన్ మెట్టు మీంచి కింద పడింది. గడ్డం చీరుకుపోయింది. డాక్టర్ కుట్లు వేస్తుంటే నాన్న మొహం పాలిపోయింది గానీ పిల్ల మాత్రం కిక్కురుమనలేదు. "అబ్బో, మా అమ్మాయి గట్టిపిండం!" అని నాన్న మురిసిపోయాడు. ఆ రోజే ఊరంతా చెప్పేశాడు. అంతే, ఆ పేరు స్థిరపడిపోయింది. ఇంట్లో అసలు పేరు పిలవడమే మానేశారు. ఇంజెక్షన్ వేయించుకున్నా, మోకాలు కొట్టుకున్నా, పరీక్షలో మార్కులు తగ్గినా గట్టిపిండం ఏడవలేదు. ఏడిస్తే ఆ పేరు పోతుందని దాని భయం. పేరు పోతే నాన్న కళ్లలో ఆ మురిపెం కూడా పోతుందేమో!

వాళ్ల నాన్నది ఇళ్లు మార్చే పని. అంటే ఇళ్లు కాదండీ, ఇళ్లలోని సామాన్లు! ఒక ఇంట్లో ఉన్నవన్నీ అట్టపెట్టెల్లో సర్ది, వ్యాన్‌లో ఎక్కించి, ఇంకో ఇంట్లో దించి పెడతాడు. ఏళ్ల తరబడి అదే పని. దిగాలుగా నిలబడిన వాళ్లెవరైనా కనిపిస్తే, "రెండు రోజులు ఓపిక పట్టండమ్మా, అలవాటైపోతుంది!" అని నవ్వుతూ చెప్పి వస్తాడు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. మామూలు పెట్టెకు గోధుమరంగు టేపు. పగిలే వస్తువులున్న పెట్టెకు ఎర్ర టేపు. ఎర్ర టేపు పెట్టె ఎంత చిన్నదైనా రెండు చేతులతోనే పట్టుకోవాలి. దాని మీద ఇంకేదీ పెట్టకూడదు. కొత్త ఇంట్లోకి వెళ్లగానే అన్నిటికంటే ముందు దాన్నే విప్పి చూడాలి.

ఆ ఇంటి పిల్లలకు అక్షరాల కంటే ముందు టేపులు వచ్చు. గట్టిపిండానికి ఒక తమ్ముడున్నాడు. ఆరేళ్లవాడు. వాణ్ని అందరూ చిన్నోడనే పిలుస్తారు. వాడు ఒక ఆదివారం మధ్యాహ్నం, నిద్రపోతున్న నాన్న బొజ్జకు అడ్డంగా ఎర్ర టేపు అంటించేశాడు. "ఏంట్రా ఇది?" అని అమ్మ అడిగితే, "పైన ఇంకేమీ పెట్టకూడదు" అన్నాడు. ఆ టేపు ఊడదీసేటప్పుడు నాన్న పెట్టిన కేకలు పక్కింటిదాకా వినిపించాయి.

ఊరందరి ఇళ్లూ మార్చే నాన్న, ఈమధ్యే సొంత ఇల్లు కూడా మార్చాల్సొచ్చింది. ఊరికి అటు చివర ఉన్న పెద్దాసుపత్రిలో, రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో అమ్మకు ఉద్యోగం వచ్చింది. అమ్మ ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన ఉద్యోగం. ఫోన్ వచ్చిన రోజు అమ్మ వంటగదిలోంచి చిన్నపిల్లలా గెంతుతూ వచ్చింది. గట్టిపిండం కూడా గెంతింది. నిజంగానే సంతోషపడింది. తర్వాత గదిలోకి వెళ్లి కూర్చుంటే ఎందుకో బాధేసింది. సంతోషం, బాధ రెండూ ఒకేసారి వస్తే వాటిలో ఏది అబద్ధమో దానికి అర్థం కాలేదు. బాధే అబద్ధం అయ్యుంటుందని నిర్ణయించేసుకుంది.

సామాన్లు సర్దే రోజున పక్కింటి పొట్టిది వచ్చింది. పొట్టిదంటే గట్టిపిండం ప్రాణ స్నేహితురాలు. ఇద్దరికీ నీలం చేప బొమ్మ ఉన్న పింగాణీ కప్పులు ఒకేలాంటివి ఉన్నాయి. రోజూ సాయంత్రం రెండిళ్ల మధ్య గోడ ఎక్కి, కాళ్లు ఊపుకుంటూ, ఆ కప్పుల్లోనే పాలు తాగేవాళ్లు.

"నీ కప్పు మా ఇంట్లో ఉండిపోయింది" అంది పొట్టిది, కప్పు చాస్తూ. దాని కళ్లు, ముక్కు రెండూ కారుతున్నాయి.

గట్టిపిండానికి గుండెలోంచి ఏదో ఎగదన్నుకొచ్చింది. దాన్ని గబుక్కున మింగేసింది.

"సరే. బై" అని కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

పొట్టిది గుమ్మం దగ్గర అలా చాలాసేపు నిలబడే ఉంది.

గట్టిపిండం కప్పును ఒక పాత గౌనులో చుట్టి, పుస్తకాల పెట్టెలో అడుగున పెట్టేసింది. నాన్న రెండు టేపు చుట్టలు చేతికి గాజుల్లా తొడుక్కుని వచ్చాడు.

"ఇందులో పగిలేవి ఏమైనా ఉన్నాయా తల్లీ?"

"ఏం లేవు నాన్నా."

నాన్న గోధుమరంగు టేపు బర్రున లాగి అతికించాడు.

కొత్త ఇల్లు మూడో అంతస్తులో. ఇల్లు బాగానే ఉంది. వెలుతురు వస్తుంది. కిటికీలోంచి చూస్తే ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. అన్ని పెట్టెలూ విప్పేశారు. గట్టిపిండం పుస్తకాల పెట్టె మాత్రం కిటికీ కింద అలాగే ఉండిపోయింది. దాని మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది.

"ఏమే, ఆ పెట్టె ఎప్పుడు విప్పుతావు?" అని అమ్మ రోజూ అడుగుతుంది.

"రేపు."

ఆ రేపు ఎప్పటికీ రాదు. లోపల కప్పు పగిలిపోయి ఉంటుందని దాని భయం. విప్పకుండా ఉన్నంతకాలం పగల్లేదని అనుకోవచ్చు కదా!

చిన్నోడి సంగతి వేరు. వాడికి దాచడం చేతకాదు. పక్క ఎక్కగానే రాగం మొదలుపెట్టేవాడు.

"మనింటికి పోదాం. ఈ ఇంట్లో ఫ్యాన్ చప్పుడు బాగోలేదు. మనింటికి పోదాం."

అమ్మ ఒళ్లోకి తీసుకుని ఊపేది. నాన్న కథ చెప్పేవాడు. ఏడ్చి ఏడ్చి, కాసేపటికి వాడు హాయిగా నిద్రపోయేవాడు. పక్క మంచం మీద గట్టిపిండం మాత్రం కళ్లు తెరుచుకుని పడుకునేది.

ఒక సాయంత్రం అమ్మ ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. నాన్న కింద వ్యాన్ కడుగుతున్నాడు. చిన్నోడు మళ్లీ మొదలుపెట్టాడు. గట్టిపిండానికి ఆ రోజు కడుపునొప్పి మరీ ఎక్కువగా ఉంది. ఒక్కసారిగా ఒళ్లు మండిపోయింది.

"ఇక ఆపరా ఏడుపుగొట్టు వెధవా! నీ ఏడుపు చూసి అమ్మ ఉద్యోగం మానేస్తే? నాన్న బాధపడితే? నన్ను చూడు, ఒక్కసారైనా ఏడ్చానా? గట్టిపిండంలా ఉండటం నేర్చుకో!"

చిన్నోడు టక్కున ఆపేశాడు. నోరు తెరుచుకుని అక్కను చూశాడు. కింది పెదవి వణికింది. దాన్ని పళ్లతో నొక్కి పట్టుకుని, దుప్పటి ముసుగు పెట్టేశాడు.

మర్నాటి నుంచి వాడు ఏడవలేదు.

"మనవాడు అలవాటుపడ్డాడోయ్!" అని నాన్న ఊపిరి పీల్చుకున్నాడు. "నేను చెప్పలేదూ? కొద్దిరోజులు ఓపిక పడితే చాలు!"

"అమ్మయ్య" అంది అమ్మ. గట్టిపిండం ఏదో గెలిచినట్టు లోలోపల పొంగిపోయింది. తనవల్లే కదా!

రోజులు గడిచాయి. చిన్నోడు నిజంగానే మారిపోయాడు. అల్లరి లేదు. ప్రశ్నలు లేవు. పెట్టింది సగం తిని లేస్తున్నాడు. "ఏంరా, ఎలా ఉంది స్కూలు?" అంటే "బాగుంది" అంటున్నాడు.

ఒకరోజు స్కూలు వదిలాక, తమ్ముణ్ని తీసుకెళ్లడానికి గట్టిపిండం ఒకటో తరగతి గదికి వెళ్లింది. రోజూ తీసుకెళ్లే పని దానిదే. చిన్నోడు గుమ్మం దగ్గర లేడు. వాళ్ల టీచర్ దాన్ని లోపలికి పిలిచింది.

"మీ తమ్ముడు మధ్యాహ్నం నుంచి బల్ల కింద కూర్చున్నాడమ్మా. బయటికి రమ్మంటే రావడం లేదు. జ్వరం లేదు, దెబ్బ తగల్లేదు. ఏమైందని అడిగితే 'బాగున్నాను టీచర్' అంటున్నాడు. ఇంట్లో ఏమైనా జరిగిందా? మీ అమ్మగారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు."

గట్టిపిండం వెంటనే ఆ బల్ల దగ్గరికి పరుగెత్తింది. వంగి బల్ల కిందికి చూసింది. చిన్నోడు మోకాళ్లు గుండెకు ఆనించుకుని, చిన్న మూటలా కూర్చుని ఉన్నాడు.

"ఏమైందిరా?"

"ఏం లేదక్కా. బాగున్నాను."

ఆ మాట, ఆ గొంతు, ఆ మొహం, అన్నీ తనవే. అచ్చం తను చెప్పినట్టే చెప్పాడు. చెయ్యి చాస్తే పట్టుకుని బయటికి వచ్చాడు. వాడి బ్యాగ్ తీసి తన రెండో భుజానికి తగిలించుకుంది. లంచ్ బాక్స్ బరువుగా తగిలింది. విప్పి చూస్తే ఉడకబెట్టిన గుడ్డు, యాపిల్ ముక్కలు, అన్నం, పెట్టింది పెట్టినట్టే ఉన్నాయి. తన బాక్స్ కూడా అలాగే ఉందని దానికి తెలుసు.

 ఇంటి మెట్లు ఎక్కుతుంటే రెండో అంతస్తు దగ్గర చిన్నోడు ఆగాడు.

"అక్కా, ఇన్ని రోజుల నుంచి నేను ఏడవలేదు."

"ఊఁ."

"కడుపులో నొప్పొస్తోంది గానీ ఏడవలేదు. నేను కూడా గట్టిపిండమే కదా?"

గట్టిపిండం మెట్ల మీదే కూలబడింది. ఎన్నాళ్లుగానో మింగుతున్నదంతా ఒక్కసారి గొంతులోకి తన్నుకొచ్చింది. మింగాలని చూసింది. ఈసారి దిగలేదు.

"కాదురా" అంది. "నేనూ కాదు. నాకూ కడుపునొప్పే. నాకూ మనిల్లే గుర్తొస్తోంది. నాకూ ఏడుపొస్తోందిరా చిన్నోడా!"

బావురుమంది. అక్క ఏడవడం చిన్నోడు పుట్టిన దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు. ముందు హడలిపోయాడు. తర్వాత పక్కన చేరి, తన రుమాలు తీసి అక్క మొహం తుడవబోయాడు. ఆ రుమాలుకు అంతకుముందే ఇంకు అంటుకుని ఉంది. అక్క ముక్కు కాస్తా నీలమైపోయింది. అది చూసి వాడికి నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపు కూడా వచ్చింది. ఆ అంతస్తులో ఉండే తాతగారొకరు తలుపు తీసి చూసి, రెండు గ్లాసుల నీళ్లు తెచ్చి పక్కన పెట్టి వెళ్లారు.

నాన్న పని ముగించుకుని వచ్చేసరికి, పిల్లలిద్దరూ కిటికీ కింద పెట్టె ముందు కూర్చుని ఉన్నారు. టేపు లాగేసి ఉంది. పుస్తకాలు చుట్టూ పరిచి ఉన్నాయి. గట్టిపిండం ఒళ్లో పాత గౌను ఉంది. అందులో నీలం చేప కప్పు ఉంది. కప్పు బాగానే ఉంది గానీ పట్టుకునే చెవి ఊడిపోయింది.

నాన్న దాని మొహం చూశాడు. ఎర్రబడ్డ కళ్లు, నీలం ముక్కు చూశాడు. వ్యాన్ తాళాలు కింద పెట్టి, ఎదురుగా చతికిలబడ్డాడు.

"పగిలేవి ఏం లేవన్నావు కదమ్మా?"

"అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"ఎర్ర టేపు వేస్తే లోపల ఏముందని నువ్వు అడుగుతావని."

"అడిగితే?"

"అడిగితే ఏడుపొస్తుందని."

 నాన్న కప్పును రెండు చేతుల్లోకి తీసుకుని, ఊడిన చెవిని అక్కడ ఆనించి చూశాడు.

"ఈ పెట్టె మీద ఏం పెట్టానో తెలుసా?" అన్నాడు చివరికి. "బియ్యం డబ్బా పెట్టాను. దాని మీద కుట్టుమిషన్ పెట్టాను. మా గట్టిపిండం పెట్టె కదా, ఎంత బరువైనా ఆగుతుందిలే అనుకున్నాను. ఎర్ర టేపు ఉంటే ఒక్క పుస్తకం కూడా పెట్టేవాణ్ని కాదు తల్లీ."

"నేను చెప్పకపోయినా నీకు చూడగానే తెలుస్తుంది అనుకున్నా" అంది గట్టిపిండం.

"ఎలా తెలుస్తుంది? ఇన్నేళ్లుగా పెట్టెలు మోస్తున్నాను. మూసిన పెట్టెలో ఏముందో నాకు ఈనాటికీ తెలీదు. పెట్టె ఎవరిదో వాళ్లు చెప్తేనే తెలుస్తుంది."

గట్టిపిండం తలొంచుకుంది. చాలాసేపటి నుంచి అడగాలనుకుంటున్నది మెల్లగా అడిగింది.

"ఇప్పుడు నన్ను గట్టిపిండం అనవు కదా?"

"అందుకా ఇదంతా!"  నాన్న దాన్ని లాగి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. "ఆ రోజు కుట్లు వేస్తుంటే నువ్వు ఏడవలేదని అందరికీ చెప్పాను. బయటికొచ్చి నేను ఏడ్చానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. తప్పు నాదేనమ్మా. నువ్వు ఏడ్చినా మా గట్టిపిండానివే, నవ్వినా మా గట్టిపిండానివే. నీకు ఇష్టం లేకపోతే ఆ పేరే మానేద్దాం."

గట్టిపిండం కాస్త ఆలోచించింది. "ఉంచు. కానీ ఏడుస్తాను కూడా."

"మరి నేనో?" అన్నాడు చిన్నోడు.

"నువ్వు ఎలాగూ ఏడుస్తావు కదరా!" అన్నాడు నాన్న, వాణ్ని కూడా లాక్కుంటూ.

అమ్మ వచ్చేసరికి ముగ్గురూ ఒక కుప్పగా ఉన్నారు. జరిగిందంతా విని అమ్మ చెప్పులు కూడా విప్పకుండా ఆ కుప్పలో చేరింది. "నేను ఉద్యోగం మానేస్తానని ఎవరు చెప్పారే నీకు?" అని కసిరింది. కసురుతూనే దాని తల గట్టిగా గుండెకు హత్తుకుంది. "నాకు ఈ ఉద్యోగమంటే ఇష్టం. పాత ఇల్లన్నా ఇష్టమే. పొద్దున బస్సులో కూర్చుంటే ఒక్కోరోజు నాకూ దిగులేస్తుంది. అంతమాత్రాన ఉద్యోగం వద్దని కాదు కదా!"

అయితే రెండూ నిజమే కావచ్చన్నమాట! గట్టిపిండానికి గుండెల మీంచి పెద్ద బరువు దించినట్టయింది.

ఆ రాత్రి భోజనాలకు ముందు పొట్టిదానికి ఫోన్ చేశారు.

"ఆ రోజు ఉత్తినే బై అనేశాను. సారీ" అంది గట్టిపిండం.

"నీకు ఏమీ అనిపించలేదేమో అనుకున్నా" అంది పొట్టిది.

"చాలా అనిపించింది. అందుకే అలా అన్నా."

"పిచ్చిదానా!" అంది పొట్టిది. తర్వాత ఇద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారంటే, చిన్నోడు పెరుగన్నం కూడా తినేసి ఆవలించడం మొదలుపెట్టాడు.

మర్నాడు లంచ్ బెల్ మోగింది. కడుపునొప్పి ఉంది. నిన్నటికంటే కాస్త తక్కువ, అంతే. టీచర్ వరండాలో అటుగా వచ్చి మామూలుగా అడిగింది.

"ఎలా ఉన్నావమ్మా? బాగున్నావా?"

"బా..." అని ఆగింది గట్టిపిండం. ఒకసారి ఊపిరి పీల్చుకుంది. "ఇవాళ అంత బాగోలేదు టీచర్. ఒక్కదాన్నే తినాలంటే ముద్ద దిగడం లేదు."

టీచర్ ఆశ్చర్యపోలేదు. సుద్ద అంటిన చేతులు దులుపుకుని, తన డబ్బా తెచ్చుకుని, కుళాయి పక్కనే కూర్చుంది. "సరే, ఇవాళ నేనూ ఇక్కడే తింటాను. బాగోలేనప్పుడల్లా ఇలాగే వచ్చి చెప్పు. నా దగ్గరికి ఎప్పుడైనా రావచ్చు."

టీచర్ అక్కడ కూర్చోవడం చూసి రెండు జడలమ్మాయి కూడా వచ్చి కూర్చుంది.

"నేను నిరుడు చేరాను ఈ స్కూల్లో" అంది మెల్లగా. "మొదటి నెలంతా బాత్రూమ్‌లో కూర్చుని తిన్నాను."

"బాత్రూమ్‌లోనా? ఛీ!"

"ఛీయే మరి! ఏం చేయను, ఎవరూ పిలవలేదు."

ఇద్దరూ పకపకా నవ్వారు. ఆ నవ్వులో గట్టిపిండం సగం డబ్బా ఖాళీ చేసేసింది. డబ్బా మొత్తం ఖాళీ చేయడం మర్నాటికి గానీ కుదరలేదు. అన్నీ ఒక్కరోజులో ఎక్కడ కుదురుతాయి!

కప్పుకు నాన్న జిగురు పెట్టి చెవి అతికించాడు. సాయంత్రాలు గట్టిపిండం, చిన్నోడు మూడో అంతస్తు మెట్ల మీద కూర్చుని పాలు తాగడం మొదలుపెట్టారు. గోడ లేకపోయినా కాళ్లు ఊపుకోవడానికి మెట్లు పనికొచ్చాయి.

ఇంకొకటి కూడా మారింది. గుమ్మం పక్కన మేకుకు ఎర్ర టేపు చుట్ట వేలాడుతోంది. అది చిన్నోడి ఆలోచనే. ఎవరికి ఆ రోజు మనసు బాగోలేదో వాళ్లు చిన్న ముక్క చింపి చొక్కాకు అంటించుకోవాలి. నోటితో చెప్పడం కష్టమైతే టేపు చెప్తుంది. మిగతావాళ్లు వాళ్ల మీద ఇంకో బరువు పెట్టకూడదు. తీరిక చూసుకుని ముందు వాళ్ల దగ్గర కూర్చోవాలి. చిన్నోడు మొదట్లో లెక్కల హోంవర్క్‌కు కూడా అంటించుకొచ్చేవాడు. "అది చెల్లదు" అని అమ్మ తీసేసింది. ల్యాబ్‌లో పెద్దావిడ చేత చీవాట్లు తిన్న రోజు అమ్మ కూడా ఒక ముక్క అంటించుకుంది. ఆ పూట గిన్నెలన్నీ పిల్లలే కడిగారు. ఒక గ్లాసు పగలగొట్టారనుకోండి, అది వేరే సంగతి.

నాన్న ఒక్కడే ఎప్పుడూ ఆ చుట్ట జోలికి వెళ్లలేదు. "నాకేంటి, ఊరందరికీ ధైర్యం చెప్పేవాణ్ని!" అనేవాడు.

ఒక శనివారం ఉదయం. నాన్న ఎప్పట్లాగే ఈల వేసుకుంటూ షూ తొడుక్కున్నాడు. చిన్నోడికి చక్కిలిగింతలు పెట్టాడు. అమ్మను ఏదో ఆటపట్టించాడు. "వస్తానర్రా!" అని గుమ్మం దాటాడు. నీళ్ల సీసా మర్చిపోయాడని గట్టిపిండం వెనకే పరుగెత్తింది.

సీసా అందుకోవడానికి నాన్న చెయ్యి చాచాడు. చొక్కా చేతి మడత కాస్త జారింది. మడత లోపల, ఎవరికీ కనిపించకుండా, గోరంత ఎర్ర టేపు ముక్క ఉంది.

గట్టిపిండం దాన్ని చూసింది. నాన్న మొహం చూసింది. నాన్న ఈల ఆగిపోయింది.

"ఏం లేదమ్మా..." అన్నాడు. "పాత వీధిలో పొద్దున్నే అందరం కలిసి టీ తాగేవాళ్లం కదా. ఇక్కడ... సర్లే, టైమవుతోంది. నాకేం, నేను బాగానే..."

ఆ మాట పూర్తి కానివ్వలేదు గట్టిపిండం. సీసాను మెట్టు మీద పెట్టింది. నాన్న చేతిని తన రెండు చేతులతోనూ పట్టుకుంది. ఎర్ర టేపు పెట్టెను ఎలా పట్టుకోవాలో దానికి ఎవరూ నేర్పక్కర్లేదు కదా!

"కూర్చో నాన్నా" అంది, పక్కన మెట్టు చూపిస్తూ. "చెప్పు. ఏమైంది?"

కింద వ్యాన్ దగ్గర ఎవరో హారన్ కొట్టారు. నాన్న ఒకసారి కిందికి చూశాడు. తర్వాత మెల్లగా వచ్చి కూతురి పక్కన కూర్చుని, చెప్పడం మొదలుపెట్టాడు.